తెలుగు మాటకు లైటు వెలగాలంటే: ఇంటర్నెట్ లేకుండా పనిచేసే వాయిస్ పెట్టె తయారీ

హాల్లో కూర్చుని "లైటు వెయ్యి" అంటే వెలగాలి, "ఫ్యాన్ ఆపు" అంటే ఆగాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఇంట్లో మాట ఇల్లు దాటకూడదు. ఆ పని చేసే పెట్టెను రాస్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఎలా కట్టుకోవాలో కింద వరసగా ఉంది. పైథాన్ కాస్త వచ్చి ఉండాలి, ఎలక్ట్రానిక్స్ బొత్తిగా రాకపోయినా ఫర్వాలేదు.

మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా, రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఇలాంటి పెట్టెలు పాడయ్యేది దాని దగ్గర కాదు. దానికి ముందున్న మైకు దగ్గర, దాని తర్వాత వచ్చే తెలుగు వాక్యాన్ని పోల్చుకునే చోట. మీ సమయంలో ఎక్కువ భాగం ఆ రెండింటికే కేటాయించండి.

1. సామాను

రాస్బెర్రీ పై 4, కనీసం 2 జీబీ ర్యామ్. 5 వోల్టులు, 3 ఆంప్స్ ఇచ్చే టైప్‌-సీ అడాప్టర్. ఫోన్ ఛార్జర్‌తో నెట్టుకొస్తే రిలే (ప్రోగ్రాము ఆడించే కరెంటు స్విచ్) పడినప్పుడు వోల్టేజి తగ్గి బోర్డు రీస్టార్ట్ అవుతుంది, తప్పు ప్రోగ్రాములో ఉందని మీరు రోజంతా వెతుకుతారు. 32 జీబీ మెమరీ కార్డు. యూఎస్‌బీ మైకు ఒకటి కొనాల్సిందే, ఎందుకంటే పై 4 మీద కనిపించే గుండ్రటి ఆడియో జాక్ శబ్దం బయటకు పంపడానికే, లోపలికి తీసుకోదు. పై 5లో ఆ జాక్ కూడా లేదు. చిన్న స్పీకరు, ఒక పుష్ బటన్, ఒక ఎల్‌ఈడీ, 330 ఓమ్స్ రెసిస్టర్. రిలే ఇప్పుడే వద్దు. మాట వింటోందని ఎల్‌ఈడీతో రుజువయ్యాకే 230 వోల్టుల జోలికి వెళ్లాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ 64 బిట్‌ది వేయండి. పైథాన్ ప్యాకేజీలను నేరుగా ఎక్కించబోతే కొత్త వెర్షన్లు ఒప్పుకోవు, 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అంటూ ఆపేస్తాయి. ముందుగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుని అందులో మాటను అక్షరంగా మార్చే వోస్క్, మైకు నుంచి శబ్దం తీసుకునే సౌండ్‌డివైస్ ప్యాకేజీలు వేయండి. సౌండ్‌డివైస్‌కు పోర్ట్ఆడియో లైబ్రరీ కావాలి, దాన్ని సిస్టమ్ ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్‌తో విడిగా ఎక్కించాలి.

2. కాగితం మీద ఆజ్ఞలు

కంప్యూటర్ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని, పెట్టె చేయాల్సిన పనులు రాయండి. లైటు, ఫ్యాను, బెడ్‌రూమ్ లైటు, వీటికి వెయ్యడం, ఆపడం. మొదటిసారికి ఆరు పనులు చాలు. ఇప్పుడు ప్రతి పని ఎదురుగా ఇంట్లోవాళ్లు అసలు ఎలా అంటారో రాయండి, వాళ్లనే అడిగి. లైటు ఆపడానికి ఒకరు "ఆపు" అంటారు, ఒకరు "ఆపెయ్", ఇంకొకరు "తీసెయ్", మరొకరు "కట్టెయ్". పెద్దావిడ "దీపం ఆర్పు" అనొచ్చు. తెలంగాణలో చాలా ఇళ్లలో "బంద్ చెయ్యి". కుర్రాళ్లు "ఆఫ్ చెయ్". పనమ్మాయికి మర్యాదగా చెప్పే ఇంట్లో "ఆపండి" కూడా వస్తుంది.

ఈ జాబితాను "సరైన తెలుగు"లోకి దిద్దకండి. ఇంట్లో ఎవరూ "దీపమును వెలిగించుము" అనరు.

3. మైకు: సగం పని ఇక్కడే

మైకు పెట్టాక టెర్మినల్‌లో ఏరికార్డ్ కమాండుకు ఎల్ ఆప్షన్ ఇస్తే సౌండ్ కార్డుల జాబితా వస్తుంది. కార్డు నంబరును కాకుండా పేరును వాడండి. రీస్టార్ట్ అయినప్పుడు నంబర్లు తారుమారు కావచ్చు, పేరు మారదు. తర్వాత 16,000 హెర్ట్జ్, 16 బిట్, ఒకే చానల్ పెట్టి ఐదు సెకన్లు రికార్డు చేయండి. శాంపిల్ రేట్ చెల్లదని ఎర్రర్ వస్తే మీ మైకు 44,100 లేదా 48,000 మాత్రమే ఇస్తుందన్నమాట. పరికరం పేరు ముందు హెచ్‌డబ్ల్యూ బదులు ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని ఇస్తే శబ్దం సంగతి చూసే లైనక్స్ భాగం ఆల్సా తనే మార్చి ఇస్తుంది.

16,000 ఎందుకంటే, సెకనుకు అన్నిసార్లు కొలిస్తే 8,000 హెర్ట్జ్ వరకూ శబ్దం దక్కుతుంది. స, శ, ష లాంటి ఊదుడు శబ్దాల బలం 4,000 పైన ఎక్కువగా ఉంటుంది. పాత ఫోన్ లైన్ల తరహాలో 8,000తో రికార్డు చేస్తే ఆ భాగమంతా పోయి, అక్షరాల మధ్య తేడా చెరిగిపోతుంది. 44,100తో తీసినా లాభం లేదు, మాటను గుర్తుపట్టే మోడల్ నేర్చుకున్నది 16,000 మీద.

ఇప్పుడు స్థాయి చూసుకోవాలి. 16 బిట్ శాంపిల్‌కు గరిష్ఠ విలువ 32,767. మామూలు గొంతుతో మీరు కూర్చునే చోటు నుంచి మాట్లాడినప్పుడు అత్యధిక విలువలు 8,000 నుంచి 16,000 మధ్య ఉండాలి. 32,767 దగ్గర పైభాగం బల్లపరుపుగా కోసినట్టు కనిపిస్తే గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, ఎక్కువైంది. ఆల్సామిక్సర్‌లో క్యాప్చర్ స్థాయి తగ్గించండి. కోసుకుపోయిన శబ్దాన్ని తర్వాత ఏ ప్రోగ్రామూ బాగుచేయలేదు. విలువలు వెయ్యి కూడా దాటకపోతే మైకు దూరంగా ఉంది.

దూరం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 30 సెంటీమీటర్ల నుంచి 2.4 మీటర్లకు జరిగితే మూడు రెట్టింపులు, అంటే 18 డెసిబెల్స్ పోయినట్టే. మీ గొంతు తగ్గినా ఫ్యాను మోత తగ్గదు, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనీ తగ్గదు. గెయిన్ పెంచితే మూడూ కలిసే పెరుగుతాయి. అందుకే ఒక లెక్క వేసుకోండి: ఫ్యాను తిరుగుతుండగా నోరు మెదపకుండా ఐదు సెకన్లు, అదే చోట మాట్లాడుతూ ఐదు సెకన్లు రికార్డు చేసి, రెండింటి సగటు బలం చెప్పే ఆర్‌ఎంఎస్ విలువలు పోల్చండి. మాటది మోతకు పది రెట్లు ఉంటే, అంటే 20 డెసిబెల్స్, నిశ్చింతగా ఉండొచ్చు. మూడు రెట్లే ఉంటే ఏ మోడల్ పెట్టినా తిట్టుకోవడమే మిగులుతుంది.

మైకు మీద ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. ఆ గాలి "బుస్" మన్న తక్కువ హెర్ట్జ్ శబ్దంగా రికార్డవుతుంది. మైకు తలకు పలచని స్పాంజి తొడుగు వేయండి. ఖాళీ గోడ మూలలో పెట్టకండి. కర్టెన్‌కో సోఫాకో దగ్గర్లో, కూర్చున్నవాళ్ల ఛాతీ ఎత్తులో, మీటరున్నర లోపు ఉంటే మంచిది.

4. లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకుండా కూడా పెట్టె పనిచేస్తుంది. తెలిస్తే మటుకు తప్పు ఎక్కడుందో త్వరగా పట్టుకుంటారు.

రెండు సెకన్ల "ఫ్యాన్ ఆపు" అంటే 32,000 సంఖ్యలు. వాటిని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే 400 సంఖ్యల చొప్పున తీస్తారు. ఒక్కో ముక్క ముందుదాని కన్నా 10 మిల్లీసెకన్లే జరుగుతుంది కాబట్టి ముక్కలు ఒకదానిపై ఒకటి పడతాయి, సెకనుకు దాదాపు వంద వస్తాయి. ప్రతి ముక్కలో ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత బలం ఉందో లెక్కగట్టి, మనిషి చెవికి తగ్గట్టు, కింది స్వరాలకు సన్నని అరలు, పై స్వరాలకు వెడల్పు అరలు ఉండే మెల్ స్కేలులో సర్దుతారు. ఆ అరల విలువలను చూసి ఒక న్యూరల్ నెట్‌వర్క్ "ఇది ప అయ్యే అవకాశం ఇంత, బ అయ్యే అవకాశం ఇంత" అని చెబుతుంది. ఒక్క ముక్క దగ్గరా అది తేల్చి చెప్పదు. చివరకు తేల్చేది వెతుకులాట: ఏ పదాల వరసకు మొత్తం అవకాశం ఎక్కువో చూసి, వెనకబడిన దారులను మధ్యలోనే వదిలేస్తూ ముందుకు వెళ్తుంది.

ఈ పద్ధతి వేళ్లు మనకు దగ్గరివే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో నడిపిన ప్రయోగశాల నుంచి 1976లో హార్పీ అనే వ్యవస్థ వచ్చింది. దానికి తెలిసినవి 1,011 పదాలు. వచ్చే అవకాశమున్న వాక్యాలన్నిటినీ ముందే ఒక వలలా అల్లుకుని, ఆ వలలో మెరుగైన కొన్ని దారులనే పట్టుకుని వెతకడం దాని కిటుకు. రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మీరు ఇప్పుడు అల్లబోయే వలలో ముప్పై పదాలు కూడా ఉండవు, కిటుకు మాత్రం అదే.

5. వోస్క్, దాని గ్రామర్

వోస్క్‌కు చిన్న తెలుగు మోడల్ ఉంది. 0.42 వెర్షన్ డౌన్‌లోడ్ సైజు 58 ఎంబీ. ఈ తరహా చిన్న మోడళ్లు నడిచేటప్పుడు సుమారు 300 ఎంబీ ర్యామ్ తీసుకుంటాయి, పై 4కి అది బరువు కాదు.

మాటను రాసే ఇంకో సాఫ్ట్‌వేర్ విస్పర్ గురించి విన్నవాళ్లు "అది ఇంకా బాగా రాస్తుంది కదా" అని అడగొచ్చు. పొడుగాటి ప్రసంగం రాయించుకోవడానికి దాని పెద్ద మోడల్ మంచిదే. ఈ పనికి వద్దు. ఒక్క "ఆపు" వినడానికి కూడా శబ్దాన్ని 30 సెకన్ల చట్రంలో పెట్టుకుంటుంది. తెలుగు అక్షరాలను చిన్న చిన్న బైటు ముక్కలుగా రాస్తుంది కాబట్టి రాస్బెర్రీ పై మీద నత్తనడక. నిశ్శబ్దంలో లేని వాక్యాలు పుట్టించే అలవాటు కూడా ఉంది. లైటు స్విచ్ దగ్గర అది అస్సలు పనికిరాదు.

మోడల్‌ను విప్పి, మైకు నుంచి 4,000 శాంపిళ్ల చొప్పున, అంటే పావు సెకనుకోసారి, మాటను గుర్తించే రికగ్నైజర్‌కు అందించే చిన్న ప్రోగ్రాము రాయండి. వోస్క్ గిట్‌హబ్ పేజీలో ఉన్న మైక్రోఫోన్ ఉదాహరణనే కాపీ చేసుకోవచ్చు. మొదటి సాయంత్రం ఏ గ్రామరూ, అంటే ఈ వాక్యాలే వినాలని చెప్పే జాబితా, ఇవ్వకండి. కాగితం మీద రాసిన వాక్యాలన్నీ ఇంట్లోవాళ్లతో చెప్పించి, తెర మీద ఏం పడుతోందో యథాతథంగా ఫైల్లో దాచండి. "లైటు" అన్నది "లైట్" అని పడొచ్చు. "ఫ్యాన్" "ఫాన్" కావచ్చు. అది మోడల్ నేర్చుకున్న స్పెల్లింగ్, దానితో వాదన దండగ. మోడల్ పదకోశంలో ఏ స్పెల్లింగ్ ఉందో అదే మీ గ్రామర్‌లోకి వెళ్లాలి.

తర్వాత రికగ్నైజర్‌ను తయారు చేసేటప్పుడు మూడో విలువగా వాక్యాల జాబితాను జేసాన్ రూపంలో రాసిన స్ట్రింగ్‌గా ఇవ్వండి. పదకోశంలో లేని పదం ఇస్తే వోస్క్ ఆగదు, ఆ పదాన్ని వదిలేస్తున్నానని లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. ఆ లాగ్‌ను మూసేసి పనిచేసేవాళ్లు "గ్రామర్ పెట్టాక ఒక్క మాటా వినట్లేదు" అని తల పట్టుకుంటారు. ఇంకో సంగతి, గ్రామర్ అన్ని మోడళ్లలో పనిచేయదు. మోడల్ ఫోల్డర్లో గ్రాఫ్ అనే అర తెరిచి చూడండి. హెచ్‌సీఎల్‌ఆర్, జీఆర్ అని రెండు విడి ఫైళ్లుంటే గ్రామర్ ఇవ్వొచ్చు. రెండూ కలిసిన హెచ్‌సీఎల్‌జీ ఒక్కటే ఉంటే కుదరదు.

జాబితా చివర చదరపు బ్రాకెట్లలో అన్క్ అనే గుర్తు తప్పకుండా చేర్చండి. అది లేకపోతే రికగ్నైజర్‌కు "ఇది నాకు తెలియని మాట" అని చెప్పే దారే ఉండదు. టీవీలో వార్తలు వస్తున్నా, కుక్కర్ విజిల్ వేసినా, ఉన్న వాక్యాల్లో దేనికో ఒకదానికి బలవంతంగా అతికిస్తుంది. పదాలకు కాన్ఫిడెన్స్ విలువ అడిగితే అది కూడా 1.0 దగ్గరే చూపిస్తుంది, ఎందుకంటే పోటీకి ఇంకేదీ లేదు. గ్రామర్ ఉన్నప్పుడు ఆ విలువను చూసి మోసపోకండి.

6. ఎప్పుడు వినాలి, ఎప్పుడు ఆపాలి

మొదటి నెల బటనే వాడండి. బటన్ నొక్కితే ఎల్‌ఈడీ వెలిగి ఆరు సెకన్లు వింటుంది. బటన్ బదులు పెట్టెను మేల్కొలిపే పిలుపు పదం తర్వాత పెట్టుకోవచ్చు. అది పెట్టగానే వచ్చే తప్పులు, ఆజ్ఞల తప్పులతో కలిసిపోతే దేని తప్పు ఏదో తేల్చుకోలేరు. పిలుపు పదం ఎంచుకునేటప్పుడు మూడు నాలుగు అక్షరాలైనా ఉండాలి, ఇంట్లో ఎవరి పేరూ కాకూడదు, సీరియళ్లలో వినిపించేది కాకూడదు. "అమ్మా" అని పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మాట ఉందో లేదో చూడటానికి వెబ్‌ఆర్‌టీసీ వాడ్ అనే చిన్న లైబ్రరీ చాలు. అది 10, 20 లేదా 30 మిల్లీసెకన్ల ముక్కలే తీసుకుంటుంది. 16,000 హెర్ట్జ్ దగ్గర 30 మిల్లీసెకన్లు అంటే 480 శాంపిళ్లు, 960 బైట్లు. ఒక్క బైటు అటూ ఇటూ అయినా ఎర్రర్. కఠినత్వం 0 నుంచి 3 వరకూ, ఫ్యాను ఉన్న గదికి 2తో మొదలుపెట్టండి. మాట మొదలైందని అది గుర్తించేసరికి మొదటి అక్షరం దాటిపోతుంది. అందుకే గడచిన 300 మిల్లీసెకన్లు ఎప్పుడూ ఒక బఫర్‌లో ఉంచుకుని, మాట మొదలవగానే ముందు దాన్ని పంపాలి. "ఫ్యాన్ ఆపు" "యాన్ ఆపు"గా పడుతుంటే జబ్బు ఇదే.

ముగింపు దగ్గర ఇంగ్లిష్ కోసం రాసిన సెట్టింగులు మనకు సరిపోవు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. "బెడ్‌రూమ్‌లో లైటు..." అని ఒక్క క్షణం ఆగి "ఆపు" అనడం సహజం. అరసెకను మౌనానికే వినడం ఆపేస్తే పెట్టెకు వస్తువు దక్కుతుంది, చేయాల్సిన పని దక్కదు. మౌనం హద్దును 800 మిల్లీసెకన్లకు పెంచండి. వస్తువు వచ్చి క్రియ రాకపోతే తప్పు అనుకోకుండా "వెయ్యాలా, ఆపాలా?" అని అడిగించి మరో మూడు సెకన్లు విననివ్వండి.

7. వాక్యం నుంచి పనికి

వచ్చిన అక్షరాల్ని జాబితాతో అచ్చంగా పోల్చి, సమానమైతేనే పని చేయించడం అందరూ మొదట రాసే ప్రోగ్రాము. గ్రామర్ ఉన్నా వోస్క్ మీ వాక్యాల్లోని పదాలను కలగలిపి కొత్త వరసలు ఇవ్వగలదు. గ్రామర్ లేకపోతే సంధులు మొదలవుతాయి. "లైటు ఆపు" వేగంగా అంటే "లైటాపు", "ఫ్యాన్ వెయ్యి" "ఫ్యానెయ్యి". అందుకని పోల్చే ముందు వాక్యాన్ని నాలుగు మెట్లు దించాలి.

మొదటి మెట్టు, ఒకే గుర్తును ఎప్పుడూ ఒకేలా రాసే యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చడం. తెలుగులో ఐత్వం గుర్తు ై కి సొంత సంఖ్య ఒకటుంది; అదే గుర్తును ె, ౖ అనే రెండు సంఖ్యలుగా విడదీసి కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు వేరు. "లైటు"లో ఉన్నది సరిగ్గా ఆ గుర్తే. కంటికి సమానంగా కనిపించే రెండు "లైటు"లు సమానం కాదని పైథాన్ చెబుతుంటే కారణం ఇది.

రెండో మెట్టు, అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాన్ని తీసేయడం. "ఫ్యాన్‌ని" అని టైపు చేస్తే న్ పక్కన అది దాక్కుని ఉంటుంది. మూడోది, ఖాళీలు తీసేయడం. నాలుగోది, అచ్చులను గుణింతపు గుర్తులుగా మార్చడం: ఆ ను ా గా, ఎ ను ె గా, ఏ ను ే గా. ఇది చేశాక "లైటు ఆపు", "లైట్ ఆపు", "లైటాపు" మూడింట్లోనూ "లైట" అనే మొదలు ఉంటుంది, తర్వాత "ాప" ఉంటుంది. వింతగా కనిపించినా కంప్యూటర్‌కు ఇబ్బంది లేదు.

ఇక వెతకడం. ముందు వస్తువు: "లైట", "దీప", "ఫ్యాన", "ఫాన". దొరికిన చోట వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. గది పేరును ముందు ముక్కలో వెతకాలి, క్రియను వెనక ముక్కలోనే వెతకాలి. ఇలా చేయకపోతే ఏమవుతుందో చూడండి. "పాప గదిలో లైటు వెయ్యి" అన్నారు. "పాప"లో "ాప" ఉంది. వాక్యమంతా వెతికే ప్రోగ్రాము లైటు ఆపేస్తుంది. అలాగే "ఫ్యాన్" అన్న మాటలోనే "ాన్" ఉంది; "ఆన్" కోసం వెతికే ప్రోగ్రాముకు ఒట్టి "ఫ్యాన్" వినిపించినా తిప్పేస్తుంది. వస్తువును కోసేస్తే రెండు బెడదలూ పోతాయి. వెనక ముక్కలో ఏమీ లేకపోతేనే ముందు ముక్కలో క్రియ కోసం చూడండి. చిరాకులో "ఆపరా ఆ లైటు" అనేవాళ్లూ ఉంటారు కదా.

క్రియలను వెతికే వరస ఇలా ఉండాలి, మారకూడదు:

ముందు వ్యతిరేకాలు: "పకు", "పకం", "యకు", "యకం", "వద్దు", "ొద్దు". ఆపకు, ఆపకండి, వెయ్యకు, చేయకండి, ఆపొద్దు అన్నీ ఇందులో పడతాయి. ఇవి కనిపిస్తే ఏ పనీ చేయకూడదు.

తర్వాత ఆపేవి: "ాప", "ాఫ్", "ార్ప", "బంద", "కట్ట", "తీసె", "తీసే".

చివర్లో వేసేవి: "ెయ్", "ేయ", "ాన్", "వెలిగ", "పెట్ట".

వేసేవి చివర ఎందుకంటే, "ఆపెయ్", "తీసెయ్", "బంద్ చెయ్యి", "ఆఫ్ చెయ్" అన్నింట్లోనూ "ెయ్" ఉంది. వరస తిరగబడితే ఆపమన్న ప్రతిసారీ లైటు వెలుగుతుంది. తెలుగు వాయిస్ ప్రోగ్రాముల్లో సులువుగా దొర్లే తప్పు ఇది, పైగా దీన్ని మైకు తప్పుగా పొరబడటం చాలా తేలిక. అనుమానమొస్తే మైకు వదిలేసి, వాక్యాలను కీబోర్డు మీద టైపు చేసి ప్రోగ్రాముకు ఇచ్చి చూడండి. కాగితం మీది ప్రతి వాక్యానికీ ఆశించిన జవాబు రాసిన ఒక పరీక్ష ఫైలు ఉంచుకుని, కొత్త ముక్క చేర్చినప్పుడల్లా దాన్నంతా మళ్లీ నడపండి.

8. ఎల్‌ఈడీ, ఆపై రిలే

ఎల్‌ఈడీ పొడుగు కాలును 330 ఓమ్స్ రెసిస్టర్ గుండా ప్రోగ్రాముతో ఆడించగల జీపీఐఓ 17కు, అంటే బోర్డు మీది 11వ పిన్నుకు కలపండి, పొట్టి కాలు గ్రౌండుకు. పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ 2 వోల్టుల దాకా తీసుకుంటే మిగిలిన దానితో సుమారు 4 మిల్లీఆంప్స్ పారతాయి. వెలుగు చాలు, పిన్నుకూ క్షేమం.

రిలే మాడ్యూల్ కొనేటప్పుడు 3.3 వోల్టుల సిగ్నల్‌కు పనిచేస్తుందని రాసి ఉన్నదే అడగండి. బజారులో ఎక్కువగా దొరికే 5 వోల్టుల మాడ్యూళ్లు సిగ్నల్ సున్నా అయినప్పుడు పడతాయి. రాస్బెర్రీ పై నుంచి వచ్చే 3.3 వోల్టులు కొన్నిటికి "ఆపు" అన్నట్టు అనిపించక రిలే పట్టుకునే ఉంటుంది. అలాంటిదే వాడాల్సి వస్తే ప్రోగ్రాము మొదట్లోనే పిన్నును హై స్థితితో తెరవండి, లేకపోతే ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ లైటు ఒకసారి వెలిగి ఆరుతుంది.

230 వోల్టుల వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, మెయిన్ ఆపి. ఫేజ్ వైరే రిలేలోకి రావాలి, న్యూట్రల్ కాదు. కామన్, మామూలుగా తెరిచి ఉండే ఎన్‌వో టెర్మినల్స్ వాడితే కరెంటు పోయి వచ్చినా లైటు దానంతటది వెలగదు. రిలే మీద 10 ఆంప్స్ అని రాసి ఉందని నీళ్ల మోటారు కలపకండి. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు కాంటాక్టులు అతుక్కుపోతాయి. దానికి పెద్ద కరెంటును తట్టుకునే కాంటాక్టర్ వేరే పెట్టాలి.

గోడ స్విచ్ కూడా పనిచేయాలంటే రిలేను మెట్ల దగ్గరి టూ-వే స్విచ్ లాగా కలపాలి. అప్పుడు రిలే ఏ వైపు ఉందన్నది లైటు వెలుగుతోందో లేదో చెప్పదు. "వెయ్యి" అన్నప్పుడు వెలుగుతున్న లైటు ఆరిపోవచ్చు. లైటు లైన్‌లో కరెంటు ఉందో లేదో చూసే చిన్న సెన్సర్ చేర్చుకోండి, లేదంటే గోడ స్విచ్‌ను వదులుకోండి.

9. జవాబు

అక్షరాన్ని పలికే సాఫ్ట్‌వేర్ ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు వచ్చు, రాస్బెర్రీ పై మీద క్షణంలో పలుకుతుంది. గొంతు మాత్రం రేకు డబ్బాదే. మీ పెట్టె చెప్పేవి పది వాక్యాలే కాబట్టి ఇంట్లో ఎవరి గొంతుతోనైనా వాటిని రికార్డు చేసి పెట్టుకుంటే అంతకన్నా బాగుంటుంది. లైటు వెలిగితే కళ్లకు కనిపిస్తూనే ఉంది, "లైటు వేశాను" అని చెప్పించనక్కర్లేదు, చిన్న "టిక్" శబ్దం చాలు. మాట అర్థం కానప్పుడే మాట్లాడించండి.

స్పీకరు పలుకుతున్నంతసేపూ మైకు నుంచి వచ్చేదాన్ని పారేయాలి, పలకడం అయ్యాక మరో 300 మిల్లీసెకన్లు కూడా. "వెయ్యాలా, ఆపాలా?" అన్న తన ప్రశ్నను తనే విని లైటు ఆపేసుకోవడం ఈ జాగ్రత్త మరిచిన పెట్టెలన్నీ చేసే పనే.

10. పరీక్ష

ఆడవాళ్లు, మగవాళ్లు, ఒక పెద్దవాళ్లు, ఒక చిన్నపిల్ల, మొత్తం ఐదుగురు. ఒక్కొక్కరు ప్రతి ఆజ్ఞనూ ఫ్యాను ఆపి మూడుసార్లు, ఫ్యాను పెట్టి మూడుసార్లు చెప్పాలి. అడ్డంగా చెప్పిన ఆజ్ఞ, నిలువుగా పెట్టె విన్న ఆజ్ఞ పెట్టి పట్టిక గీయండి. తప్పులన్నీ ఒకే మనిషి దగ్గరుంటే అది ఎక్కువగా దూరం, గొంతు స్థాయిల గొడవ. ఫ్యాను ఉన్నప్పుడే వస్తుంటే మైకు చోటు మార్చండి. ఒకే ఆజ్ఞల జంట దగ్గర అందరికీ వస్తుంటే ఆ రెంటిలో ఒకదాని మాట మార్చడమే మేలు. మోడల్‌ను మార్చబోతే నెలలు పడుతుంది. చిన్నపిల్లల గొంతుకు తప్పులు ఎక్కువ రావడం సహజం, మోడళ్లు ఎక్కువగా పెద్దవాళ్ల మాటల మీద నేర్చుకున్నవి.

ఆ తర్వాత ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండా టీవీ పెట్టి, బటన్ లేకుండా ఒక గంట విననివ్వండి. ఆ గంటలో రిలే ఒక్కసారి పడినా పిలుపు పదం పెట్టుకునే సమయం ఇంకా రాలేదు. ప్రతిసారీ పెట్టె విన్న శబ్దాన్ని, రాసిన అక్షరాన్ని, చేసిన పనిని తేదీ పేరుతో దాచేలా ప్రోగ్రాము రాయండి. సెకనుకు 32,000 బైట్లే కాబట్టి నాలుగు సెకన్ల ఆజ్ఞ 128 కేబీ అవుతుంది. మెమరీ కార్డు నిండదు, అయినా వారం దాటినవి తానే చెరిపేసేలా పెట్టండి, ఎందుకంటే ఆ ఫైళ్లలో ఆజ్ఞలతో పాటు ఇంట్లోవాళ్ల మాటలు కూడా పడతాయి.